గాలి లాగుతోంది

ఆ శబ్దం గురించి నాకు మొదట చెప్పింది అమ్మ. డిసెంబరులో ఒకరోజు ఫోన్లో కూరగాయల ధరలు, పక్కింటివాళ్ల గృహప్రవేశం అన్నీ అయిపోయాక, "కారు ఏడుస్తోందిరా" అంది. ఎలా ఏడుస్తోందని అడిగాను. "దూడని విడదీస్తే గేదె అరవదూ, అలాగ. మలుపు తిప్పినప్పుడల్లా" అంది. ఫోన్ నాన్నకివ్వమన్నాను. "ఏం శబ్దం? నాకేం వినపడట్లేదే" అన్నాడు నాన్న. వెనకనుంచి అమ్మ, "ఆయనకేం వినపడుద్ది, కుక్కర్ విజిలే వినపడదు" అనడం నాకు వినపడింది. ఆయనకి వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో తెలీదు. వినపడలేదనే అనుకున్నాను అప్పటికి.

సంక్రాంతికి ఇంటికెళ్లాను. హైదరాబాద్ నుంచి విజయవాడ ఆ నాలుగు రోజుల్లో ఎలా చేరతామో మీకు చెప్పక్కర్లేదు; టోల్ గేట్ల దగ్గర నిలబడ్డ సమయంలో ఒక నవల చదవచ్చు, నేను సగం చదివాను కూడా. భోగి నాడు పొద్దున్నే, చలిమంట ఇంకా పొగ వస్తుండగానే, కారు బయటికి తీశాను. స్టార్ట్ చేయగానే సన్నగా ఒక మూలుగు. యాక్సిలరేటర్ నొక్కితే దాని శ్రుతి పెరుగుతోంది. స్టీరింగ్ తిప్పితే గట్టిగా, పూర్తిగా ఒక పక్కకి తిప్పేసరికి భరించలేనంతగా. పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసే అలవాటున్నవాడిగా ఒకటి ఒప్పుకోవాలి: రొద, గుయ్‌మనడం, కీచుమనడం అని ఎన్ని మాటలు వెతికినా అమ్మ చెప్పిన గేదె పోలికకి సరిపోయేది ఒక్కటీ దొరకలేదు.

ఇక్కడ అసలు విషయం చెప్పేయాలి. నేను ఆ కారుని బాగుచేద్దామనుకున్నది అమ్మడానికి. నాన్నకి డెబ్భై దాటాయి. పోయినేడు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. డాక్టరు నడపొచ్చనే చెప్పారు గానీ, ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన గేటు స్తంభానికి కారు గీరించాడు. ఆ గీత ఫోటో అమ్మ పంపితే, నేనూ చెల్లీ (తను డాలస్‌లో ఉంటుంది) వాట్సాప్‌లో పది నిమిషాల్లో తీర్మానించేశాం. 2009లో కొన్న డీజిల్ సెడాన్, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. రిటైరవడానికి కొద్దికాలం ముందు ఆయన కొనుక్కున్న బండి. గుడివాడలో ఒకాయన లక్షా నలభైకి తీసుకుంటానన్నాడు. చూడ్డానికి వచ్చి, శబ్దం విని, లక్షా పదన్నాడు. ఆ చూడ్డానికి రావడం కూడా నాన్న ఊళ్లో లేని రోజున ఏర్పాటు చేసింది నేనే. నాన్నతో మాత్రం, "పండక్కి వచ్చినప్పుడు ఆ శబ్దం సంగతి చూద్దాంలే" అన్నాను. అందులో అబద్ధం లేదు. నిజం కూడా సగమే ఉంది.

పండక్కి ముందురోజే ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాం. చేతిలో ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు బండి చుట్టూ తిరిగి, ఒకసారి స్టీరింగ్ తిప్పి విని, "పంపు పోయింది సార్, ర్యాక్ కూడా మార్చేస్తే ప్రాబ్లం ఉండదు" అన్నాడు. ముప్పై నాలుగు వేల చిల్లర ఎస్టిమేట్. నేను మనసులో లెక్కేసుకుంటున్నాను, లక్షా పదికీ లక్షా నలభైకీ ఉన్న తేడా కన్నా ఇదే ఎక్కువని. నాన్న మాత్రం ఇంటికొచ్చేదాకా ఏం మాట్లాడలేదు. గేటు దగ్గర దిగుతూ, "మూత తీసి చూశాడా వాడు?" అన్నాడు.

చూడలేదు. నేనూ చూడలేదు. కోడ్‌లో తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మొత్తం మాడ్యూల్ తీసి కొత్తది పెడదామని నేను మీటింగుల్లో ఎన్నిసార్లు అనలేదు! ఆ కుర్రాడి మీద కోపం తెచ్చుకునే అర్హత నాకేం లేదు.

ఈ పవర్ స్టీరింగ్ అనేది ఎలా పనిచేస్తుందో నేను ఇంజనీరింగ్‌లో చదివానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఆ రాత్రే తెలుసుకున్నాను. కొత్త కార్లలో ఎలక్ట్రిక్ మోటారే చక్రాన్ని తిప్పడానికి సాయం చేస్తుంది. పాతవాటిలో ఆ పని నూనెది. ఇంజన్ బెల్టుతో తిరిగే ఒక చిన్న పంపు. దానికి పైన నూనె ఉండే ఒక ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలోంచి ఒక రబ్బరు గొట్టం ద్వారా పంపు నూనెను పీల్చుకుంటుంది, ఇంకో బలమైన గొట్టం ద్వారా దాన్ని స్టీరింగ్ ర్యాక్‌లోకి తోస్తుంది. మనం చక్రం తిప్పగానే లోపల ఒక సన్నటి ఉక్కు కడ్డీ వెంట్రుకవాసంత మెలితిరుగుతుంది, ఆ మెలికకి ఒక కవాటం తెరుచుకుని, ఎటు తిప్పుతున్నామో అటుపక్కకి నూనె ఒత్తిడి వెళుతుంది. పని అయిపోయిన నూనె మళ్లీ డబ్బాలోకి. చక్రం చివరిదాకా తిప్పి పట్టుకుంటే ఆ ఒత్తిడి వంద బార్ దరిదాపులకి వెళ్లగలదు. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వంద రెట్లు, మా ఇంటి ముందు మునగచెట్టు నీడలో నిలబడ్డ ఓ ముసలి బండి లోపల.

దీన్ని కార్లకి పనికొచ్చేలా చేసినవాడు ఫ్రాన్సిస్ డేవిస్ అని అమెరికా ఇంజనీరు. పియర్స్ యారో అనే కంపెనీలో లారీల విభాగంలో పనిచేసి, బరువు బళ్ల స్టీరింగ్ తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ చూసి, ఉద్యోగం మానేసి సొంతంగా తయారుచేసి 1926లో నడిపి చూపించాడు. ఖర్చెక్కువని కార్ల కంపెనీలు పక్కన పెట్టాయి. యుద్ధం వచ్చాక సైనిక వాహనాలకి పనికొచ్చింది. మామూలు జనం కొనుక్కునే కారులో అది కనిపించింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. పాతికేళ్లు! పత్రికకి పంపిన వ్యాసం మూడు వారాల్లో రాకపోతే నేను ఎడిటర్‌కి రెండు మెయిళ్లు కొడతాను.

సరే, భోగి నాటి సంగతికొద్దాం. బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగానే డబ్బా మూత తీశాం. లోపల నూనె ఉండాల్సిన చోట కాఫీ హోటల్లో గ్లాసు నిండా పోసినట్టు నురగ. చిన్న చిన్న బుడగలు సుడి తిరుగుతున్నాయి. డబ్బా చుట్టూ బయట కూడా జిడ్డు, నురగ పొంగి మూత సందుల్లోంచి కారినట్టుంది. ఇంజన్ ఆపమన్నాడు నాన్న. ఆపితే, చూస్తుండగానే నూనె మట్టం వేలెడంత పైకి లేచింది. అర సెంటీమీటరు కన్నా ఎక్కువ లేస్తే లోపల గాలి ఉన్నట్టేనని తర్వాత ఒక వర్క్‌షాప్ మాన్యువల్లో చదివాను. నాన్నకి మాన్యువల్ అక్కర్లేకపోయింది. నడుం మీద చెయ్యేసుకుని వంగి చూసి, "పంపు కాదు, ఏం కాదు. గాలి లాగుతోంది" అన్నాడు.

ఆ మాట ఆయన అన్న తీరు నాకు ఎక్కడో విన్నట్టనిపించింది. నూజివీడు పక్కన మా ఊళ్లో తాతయ్యకి మామిడితోట, దాని మధ్య ఒక దిగుడుబావి ఉండేవి. బావిలో సగం లోతున మెట్ట కట్టి దాని మీద కరెంటు మోటారు. వేసవి సెలవులకి వెళ్లినప్పుడు నేను చూసిన దృశ్యం ఎప్పుడూ ఒకటే: మోటారు తిరుగుతూ ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. తాతయ్య "గాలి లాగుతోందిరోయ్" అని అరుస్తాడు. నాన్న లుంగీ ఎగ్గట్టి దిగుతాడు. పంపు పైన బిరడా విప్పి బిందెలతో నీళ్లు పోసి గొట్టం నింపుతారు. సక్షన్ గొట్టం అతుకు దగ్గర బంకమట్టీ పేడా కలిపి మెత్తుతారు, దానిమీద పాత సైకిల్ ట్యూబు రింగులుగా కోసి బిగించి చుడతారు. మళ్లీ స్విచ్ వేస్తారు. ముందు దగ్గు. తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం. ఆ తర్వాత కాలవలోకి దబ్బున నీళ్లు. ఆ నీళ్లలో మేము దూకేవాళ్లం కాబట్టి మాకు గుర్తుండిపోయింది అదే. గట్టుమీద పేడచేతులతో నిలబడ్డ ఆయన గుర్తులేడు. ముప్పై అయిదేళ్లు సహకార బ్యాంకులో లెడ్జర్లు రాసిన మనిషిగానే నాకు తెలుసు.

నాన్న చెప్పిందేమిటంటే (నా మాటల్లో చెబుతున్నాను, ఆయన ఇంత సాగదీయలేదు), గొట్టానికి రెండు రకాల చిల్లులు పడతాయి. నూనెను తోసే వైపు పడితే నూనె బయటికి చిమ్ముతుంది, ఎవడికైనా కనిపిస్తుంది. పీల్చే వైపు పడితే చుక్క కారదు. అక్కడ లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ, అందుకని గాలే లోపలికి వెళుతుంది. లీకు ఉంది, తడి ఉండదు. ఈ మాయ వల్లే సర్వీస్ సెంటర్లలో పంపులు మారుతుంటాయి. బావిలో నీరు ఇరవై అయిదడుగుల కిందికి దిగితే పైనున్న మోటారు ఎంత మంచిదైనా నీళ్లు ఎత్తలేదు కదా, మోటారునే కిందికి దించాలి. పంపు నీటిని లాగదు, బయటి గాలి దాన్ని పైకి నెడుతుంది. ఇదంతా నేను టొరిచెల్లీ పేరుతో పరీక్షలో రాసి పది మార్కులు తెచ్చుకున్నాను. మా బావి గుర్తురాలేదు.

ఇక ఆ ఏడుపు ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? నూనె నలగదు, గాలి నలుగుతుంది. తక్కువ ఒత్తిడిలో పంపులోకి వచ్చిన బుడగ, ఒక్కసారిగా ఎక్కువ ఒత్తిడిలోకి వెళ్లేసరికి చితికిపోతుంది. సెకనుకి కొన్ని వందల సార్లు ఇదే. నీళ్లలో బుడగ చితికితే పుట్టే ఒత్తిడి ఎంత ఉంటుందో 1917లో లార్డ్ రేలీ లెక్కగట్టాడు, ఓడల ప్రొపెల్లర్లకి గుంటలు పడుతున్నాయని. ఆయన లెక్క ద్రవంలో ఏర్పడ్డ ఖాళీల గురించి, మాది బయటనుంచి దూరిన గాలి. రెండూ ఒకటి కావు, రెండింటినీ కలిపేసి రాసేవాళ్లంటే నాకు చిరాకు. కానీ పంపు అరిగిపోవడం రెండింట్లోనూ ఉంది. ఇంకో ఏడాది ఇలాగే నడిపితే ఆ ట్యాబ్ కుర్రాడి మాటే నిజమయ్యేది.

నాన్న సైకిల్ ట్యూబు వెతకడానికి స్టోర్ రూంలోకి వెళ్లినప్పుడు నాకు పిర్సిగ్ గుర్తొచ్చాడు. 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో, వదులైపోయిన హ్యాండిల్‌కి బీరు డబ్బా రేకు ముక్క కోసి సందులో పెడదామంటాడు కథకుడు. ఖరీదైన బండి ఉన్న స్నేహితుడు మొహం మాడ్చుకుంటాడు. 1974లో వచ్చిన ఆ పుస్తకంలో నాకు నాణ్యత గురించిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ ఒక్క రేకు ముక్కకి సాటి రావనిపిస్తుంది. ఇంజనీరింగ్ మూడో ఏడు హాస్టల్లో చదివి ఊగిపోయాను. కానీ అది తండ్రీ కొడుకుల ప్రయాణం అన్న సంగతి ఆ వయసులో నాకు పట్టలేదు. రెండోసారి చదివినప్పుడు పట్టింది. అయినా నేను ఆ స్నేహితుడి పక్షమే; నాన్నా, సైకిల్ ట్యూబు వద్దు, నూనెకి మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది, కొత్త గొట్టం కొందాం అన్నాను. "కొనేదాకా తెలియాలిగా ఎక్కడ లాగుతోందో" అన్నాడు.

దానికో పద్ధతి చెప్పాడు. పేడ పద్ధతే, పేడ బదులు గ్రీజు. ఇంజన్ ఆపి, అనుమానం ఉన్న అతుకు చుట్టూ చిక్కటి గ్రీజు మందంగా మెత్తాలి. గాలి దూరే సందు అదే అయితే గ్రీజు మూసేస్తుంది, స్టార్ట్ చేస్తే శబ్దం తగ్గుతుంది. తగ్గకపోతే ఇంకో అతుకు. ఆయన డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు, నేను బానెట్ కింద. డబ్బా దగ్గరి అతుకు చేశాం, తేడా లేదు. పంపు దగ్గరి అతుకు చెయ్యి పట్టనంత లోపల ఉంది. ఎలాగో రెండు వేళ్లతో మెత్తి చెయ్యి బయటికి తీసి, "ఊఁ" అన్నాను. స్టార్ట్ చేశాడు. మూలుగు మామూలే. నాన్న చక్రం అటూ ఇటూ మెల్లగా తిప్పుతున్నాడు. అర నిమిషం గడిచింది. నేను చెవి దగ్గరగా పెట్టి వింటున్నాను, తగ్గిందా, తగ్గిందనిపిస్తోందా అని తేల్చుకోలేక.

"ఆఁ... తగ్గింది" అన్నాడు నాన్న లోపల్నుంచి.

నిజంగానే తగ్గింది. ఇద్దరం ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు. ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోక, ఆగి ఉన్నంతసేపు బుడగలు తేరుకోవడం వల్ల తగ్గిందేమోనని గ్రీజంతా తుడిచేసి మళ్లీ స్టార్ట్ చేయించాను. గేదె తిరిగొచ్చింది. మళ్లీ మెత్తాం, తగ్గింది. ఈ రెండోసారి ఆయన ఏం చెప్పలేదు. నేనే పైకి, "తగ్గింది నాన్నా" అన్నాను. ఆయన తలూపాడు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక బీరువాలోంచి నాన్న వైద్యం ఫైలు తీశాను. రెండేళ్ల కిందట చెవి డాక్టరు తీయించిన ఆడియోగ్రామ్ అందులో ఉంది. అడ్డంగా 250, 500, 1000, 2000, 4000, 8000 అని అంకెలు. గీత ఎడమవైపు దాదాపు మామూలుగా ఉండి, రెండు వేలు దాటాక కొండ దిగినట్టు దిగిపోయింది. వయసుతో పోయే వినికిడి ఇలాగే పైనుంచి పోతుందట. అందుకే కుక్కర్ విజిల్ వినపడదు, మొబైల్ టింగుమనడం వినపడదు, మాటల్లో స, శ జారిపోయి "సీసా" అంటే "ఏదీ" అంటాడు. నేను ఒక కాగితం మీద లెక్కేశాను. ఇలాంటి పంపుల్లో సాధారణంగా పది రెక్కలుంటాయి. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు నిమిషానికి ఎనిమిది వందల చుట్లు, అంటే సెకనుకి పదమూడు. పంపు కూడా ఇంచుమించు అంతే తిరుగుతుందనుకుంటే, పదమూడు పదులు నూట ముప్పై. రోడ్డు మీద రెండు వేల నాలుగొందల వేగంలో నాలుగు వందలు. దాని రెట్టింపు తీసుకున్నా ఎనిమిది వందలు. గీతలో ఇదంతా ఎడమవైపు, మామూలుగా ఉన్న భాగంలో వస్తుంది.

అంటే మా అందరికీ ఎలా వినపడిందో ఆయనకీ అలాగే వినపడింది. మొదటిరోజు నుంచీ.

మర్నాడు పండగ, ఆ మర్నాడు కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆటోనగర్ ఎలా కదులుతుంది. రెండు రోజులు గారెలు తింటూ, మేమిద్దరం ఆ కాగితం సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. ఆఫీసుకి మరో రెండు రోజులు ఇంటినుంచే పనిచేస్తానని మెయిల్ పెట్టాను.

ముక్కనుమ నాడు ఆటోనగర్ సగం తెరిచింది. బెజవాడవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం: లారీ చాసిస్ ఒక పక్కనుంచి లోపలికి వెళ్లి రంగులూ పేర్లూ పూసుకుని పూర్తి లారీగా ఇంకో పక్కనుంచి బయటికొచ్చే ఊరు అది. ఒక వీధి నిండా కమాను పట్టీలు, ఇంకో వీధి నిండా రేడియేటర్లు. నాన్నకి తెలిసిన మేస్త్రి గొట్టం లాగి చూసి నవ్వాడు. రబ్బరు చివర గట్టిపడి, గోరుతో గీరితే పొడి రాలుతోంది, దాన్ని పట్టుకున్న స్ప్రింగు క్లిప్పు వేళ్లతోనే తిరుగుతోంది. "పదిహేనేళ్లు కాసింది బాబాయ్ గారూ, ఇంకేం కాయాలి?" అన్నాడు. నూనెకి తట్టుకునే గొట్టం రెండడుగులు, స్క్రూ క్లిప్పులు రెండు, స్టీరింగ్ ఆయిల్ లీటరు. మొత్తం తొమ్మిది వందల ఎనభై. మజూరీ వద్దు మేమే బిగించుకుంటామని నాన్న అంటే, మేస్త్రి నా చేతులకేసి చూసి, "బాబు బిగిస్తాడా!" అన్నాడు. జాకీ స్టాండ్లు రెండు సాయంత్రం తెచ్చిచ్చే షరతు మీద ఇచ్చాడు. "గాలి తియ్యటమే పని. తొందరపడితే రాదు. స్టార్ట్ చేసి ఊపేస్తారు చాలామంది, గాలీ నూనే కలిసి మజ్జిగైపోద్ది. ఇంజన్ ఆపేసి తిప్పండి ముందు" అని రెండుసార్లు చెప్పాడు.

గొట్టం మార్చడం అరగంట పని, నాకు గంటన్నర పట్టింది, దాని గురించి రాసుకోడానికేం లేదు. జాకీ కోసం డిక్కీ తెరిచినప్పుడు మాత్రం, స్పేర్ టైరు గుంటలో పాత దినపత్రికలో చుట్టి మూడు ఖాళీ సీసాలు కనిపించాయి. స్టీరింగ్ ఆయిలే. డబ్బా మూత మీద అచ్చువేసి ఉన్న రకమే, పొల్లు పోకుండా. నురగ పొంగి పోయినప్పుడల్లా నింపుకొచ్చాడన్నమాట. చుట్టిన పేపరు మీద తేదీ సెప్టెంబరుది. అమ్మ నాకు ఫోన్ చేసింది డిసెంబరులో. సీసాలు అలాగే చుట్టి అక్కడే పెట్టేశాను.

గాలి తియ్యటం ఇలా ఉంటుంది. ముందు చక్రాలు రెండూ నేలకి తగలకుండా పైకెత్తి స్టాండ్ల మీద ఉంచాలి. పాత నూనె సిరంజితో లాగేసి కొత్తది పొయ్యాలి, బుడగలు రాకుండా డబ్బా గోడమీదుగా. ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ని ఎడమ చివరినుంచి కుడి చివరికి, మళ్లీ వెనక్కి, నిదానంగా తిప్పాలి. ర్యాక్‌లో ఇరుక్కున్న గాలి ఒక్కో తిప్పుకీ డబ్బాలోకి వచ్చి గుడ్‌మని పేలుతుంది. మట్టం తగ్గుతుంది, పొయ్యాలి. ఇరవైసార్లు. అప్పుడు స్టార్ట్ చేసి మళ్లీ పది. చివర్లో ఐదు సెకన్ల కన్నా పట్టి ఉంచకూడదు, పంపు వేడెక్కిపోతుంది. నురగ వస్తే ఆపేసి, అది తేరేదాకా కూర్చోవాలి. ఈ కూర్చోవడం దగ్గరే నాలాంటివాడికి కష్టం. ఏది ఆగినా రీస్టార్ట్ కొట్టే చేతులివి.

నాన్న చక్రం దగ్గర, నేను సీసా పట్టుకుని డబ్బా దగ్గర. మధ్యలో లేచిన బానెట్, ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఆయన పైకి లెక్కపెడుతున్నాడు, నోట్ల కట్ట లెక్కపెట్టినట్టు ఒకే లయలో. పదకొండు దగ్గర ఆగాడు.

"గుడివాడాయన ఎంతకడిగాడు?"

సీసా వంచి పోస్తున్నాను, చెయ్యి వణికి కాస్త బయట పడింది. ఎవరు చెప్పారని అడగలేదు. అమ్మ ఏదీ దాచలేదు ఎప్పుడూ. "లక్షా పది" అన్నాను.

"శబ్దం ఉందనా?"

"ఊఁ."

కాసేపు ఏమీ లేదు. డబ్బాలో ఒక బుడగ వచ్చి పగిలింది.

"శబ్దం ఉందంటే అమ్మేద్దామంటారు. శబ్దం లేదంటే చెవుడన్నారు. చెవుడే నయమనిపించింది" అన్నాడు. ఆ వెంటనే, "పన్నెండు" అన్నాడు, చక్రం కదిలింది.

నాకు చాలా జవాబులు తోచాయి. గేటు స్తంభం, చెల్లి భయం, రాత్రిపూట హైవే, ఎదురుగా వచ్చే బైకులు. అవన్నీ ఇప్పటికీ నిజాలే. కానీ ఆ రోజు వాటిని బానెట్ రేకుతో చెప్పాల్సి వచ్చేది. పదిహేడు దగ్గర మాత్రం, "రాత్రిపూట తియ్యొద్దు నాన్నా" అన్నాను. "తియ్యట్లేదుగా, ఆపరేషన్ అయిన కాణ్ణుంచీ. మీ అమ్మనడుగు" అన్నాడు. గేటుకి గీరిన సాయంత్రం? "అది కుక్క అడ్డమొచ్చింది." నేనెప్పుడూ అడగలేదు, ఎలా గీరుకుందని. ఫోటో చూశాను, అంతే.

ఇరవై అయ్యాక స్టార్ట్ చేశాం. సన్నగా ఒక్కసారి మూలిగి, నాలుగో తిప్పులో ఆగిపోయింది. డబ్బాలో కాస్త నురగ ఉంటే ఆపి, భోజనం చేసి వచ్చాం. మళ్లీ పది. ఈసారి ఇంజన్ ఆపితే మట్టం ఇంచుమించు ఉన్నచోటే ఉంది. చక్రాలు దించి, రెండు వేళ్లతో తిప్పి చూశాను. అమ్మ వరండాలోంచి, "ఆగిపోయిందేంటి, స్టార్ట్ చెయ్యండి" అంది. అప్పటికి ఇంజన్ నడుస్తూనే ఉంది, డీజిల్ బండి. ఆ గేదె అరుపుకి ఎంత అలవాటుపడిందో మరి, అది లేకపోతే బండి ఆగిపోయినట్టే ఉందామెకి.

స్టాండ్లు తిరిగివ్వడానికి ఆటోనగర్ బయల్దేరాం. నేను తాళంచెవి తీసుకోబోయి ఆగాను, ఆయన అప్పటికే డ్రైవింగ్ సీట్లో ఉన్నాడు. గేటు దగ్గర నేను తెలియకుండానే ముందుకి వంగి స్తంభం వైపు చూశాను. ఆయన చూశాడు, నేను చూడ్డం. జానెడు ఎడం వదిలి బయటికి తీశాడు. కాలవగట్టు దాకా ఇద్దరం ఏం మాట్లాడలేదు. పండగ ముగ్గులు చక్రాల కింద పడి చెదిరి ఉన్నాయి వీధి పొడవునా. మలుపు దగ్గర ఆయన చక్రం అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువే తిప్పాడు, వినడానికనుకుంటాను.

అక్కడే నా జేబులో ఫోన్ అదిరింది. మీటింగులకి అలవాటై ఎప్పుడూ వైబ్రేషన్‌లోనే ఉంచుతాను. తీయలేదు. మళ్లీ అదిరింది.

"నీ ఫోనేరా" అన్నాడు నాన్న రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "ఎత్తు. గుడివాడాయనేమో."

గుడివాడాయనే.